నాలుగు తీగల గిటారుకు ఆరు బెజ్జాలు

బేస్ గిటారుకు నాలుగు తీగలు. తెగిపోగా మిగిలినవి కావు, పుట్టుకతోనే నాలుగు. ఈ ఒక్క మాట మా చర్చి సంఘం కార్యదర్శి చెవిలో నిలిచి ఉంటే నేనిది రాయాల్సిన పని ఉండేది కాదు. ఎవరూ చెప్పలేదేమో అనుకుంటారు. నేనే చెప్పాను, ఒకటికి రెండుసార్లు చెప్పాను.

అనంతపురం పాతవూళ్ళో ఒక సందులో చిన్న గది తీసుకుని నా పనికాలమంతా వాద్యాలు బాగుచేశాను. మొదట్లో భజన మందిరాల హార్మోనియాలు, తరువాత ఆర్కెస్ట్రాల గిటార్లు, చివరికి ఎక్కువగా చర్చి గిటార్లు. చూపు తగ్గి పని మానుకున్నాక, ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడూ సలహాకు వస్తుంటారు. ఏ జిగురు వాడాలి, మెడ మీది మెట్లు ఎంత అరగదీయాలి అని అడుగుతారు. అవన్నీ ఫోన్లో చూసినా తెలుస్తాయి. ఫోన్లో దొరకనిది ఒకటి చెప్పాలని ఉంది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గేటట్టు లేదు.

ఆదివారం నేను పనిముట్టు పట్టను. అది నా నియమం. అయితే ఆరాధన ముగిశాక షాపు తలుపు ఒక రెక్క తీసి కూర్చునేవాణ్ణి. ఇద్దరు వచ్చేవారు. ఒకాయన గుంతకల్లులో రైలింజన్లు నడిపి రిటైరై అనంతపురం చేరినవాడు. ఆయన్ని అందరం డ్రైవరన్న అనేవాళ్ళం. మా సంఘంలోనే విశ్వాసి. ప్రతి ఆదివారం పాటలకు బేస్ ఆయనదే. రెండో ఆయన ధర్మవరం భాయ్. పట్టుచీరలకు జరీ అమ్మే వ్యాపారి. వయసులో ఉండగా పెళ్ళిళ్ళకూ ఉరుసులకూ తిరిగే ఆర్కెస్ట్రాలో బేస్ వాయించాడు. ముగ్గురం చేరితే పాత గిటార్లు, పాత ఇంగ్లీషు రాక్ పాటలు తప్ప ఇంకో మాట ఉండేది కాదు.

“నా మొదటి బేస్ మగ్గం చెక్కన్నా,” అనేవాడు భాయ్. “ఎవరో పాత మగ్గం విప్పేస్తాంటే ఆ చెక్క అడుక్కొచ్చి వడ్లాయనతో చెక్కించుకుంటి. తీగలు యాడుంటాయి? సైకిలు బ్రేకు వైర్లు కట్టినా.”

“వేళ్ళు ఉండాయా, పోయినాయా?” అన్నాడు డ్రైవరన్న.

“వేళ్ళు ఉండాయి. తోలు పాయ.”

డ్రైవరన్న బేస్ కథ వేరు. గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఒకప్పుడు డాన్సులు జరిగేవి. అక్కడ ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన బేస్ వాయించేవాడు. మా డ్రైవరన్న అప్పటికింకా ఇంజన్లో బొగ్గు వేసే కుర్రవాడు. డ్యూటీ దిగి, మసి కడుక్కుని, కిటికీ పక్కన నిలబడి వినేవాడట. ఒకరోజు ఆ గార్డు లోపలికి పిలిచి చేతికిచ్చాడు. చాలా ఏళ్ళ తరువాత ఆ కుటుంబం దేశం విడిచి పోతున్నప్పుడు ఆ బేస్ ఈయన దగ్గరికి వచ్చింది.

“ఆయప్ప కండ్లల్ల నీళ్ళు పెట్టుకొని ఇచ్చినాడు,” అనేవాడు డ్రైవరన్న. “పెండ్లాం పిల్లల్ని తీసుకపోతాండాడు, దీన్ని తీసుకపోయేకి చోటు ల్యాకపాయ. ‘దీన్ని మార్చొద్దు, ఇది మారితే నేను గుర్తుపట్టల్యాను’ అన్నాడు. ఇంగ్లీషులో అన్నాడు లే. నాకు అర్థమయ్యేకి రెండు స్టేషన్లు పట్టింది.”

భాయ్ ఒక రాక్ పాటను మొత్తంగా తక్కువ శృతిలో నేర్చుకున్నాడు. టేప్ రికార్డరులో బ్యాటరీలు అయిపోవచ్చి క్యాసెట్ నిదానంగా తిరుగుతుంటే, అదే అసలు శృతి అనుకున్నాడు. మొదటిసారి డ్రైవరన్నతో కలిసి వాయించినప్పుడు ఇద్దరూ ఒకే పాటను వేరువేరు ఊళ్ళలో వాయిస్తున్నట్టు వినబడింది.

“నువ్వు తప్పు వాయిస్తాండావు భాయ్.”

“నాది ఒరిజినల్ క్యాసెట్టన్నా.”

“క్యాసెట్టు ఒరిజినలేప్పా. బ్యాటరీలే డూప్లికేటు.”

కొత్త తీగలు మాకు అంత సులభంగా దొరికేవి కావు. పాతవాటిని విప్పి నీళ్ళలో ఉడకబెట్టేవాళ్ళం. చెమటా మురికీ వదిలి, కొన్నాళ్ళపాటు మళ్ళీ గంటలా మోగుతాయి. ఆ గిన్నెలోనే టీ పెట్టావని భాయ్ నన్ను ఎన్నిసార్లు నిందించాడో లెక్కలేదు. పెట్టింది ఒక్కసారే.

మా సంఘంలో కొందరు అడిగేవారు, విశ్వాసివి, లోకసంబంధమైన రాక్ పాటల గురించి మాట్లాడతావేమని. నేను చెప్పేది ఒకటే. పాటలో మాటలు దారి తప్పవచ్చు. కింద మోగే మంద్రానికి మాటలు లేవు, అది ఏ దారీ తప్పదు. ఆదివారం రెండు వందలమంది చప్పట్లు ఒకచోట పడుతున్నాయంటే కారణం డ్రైవరన్న బొటనవేలు. ఆ సంగతి చప్పట్లు కొట్టేవాళ్ళకు తెలియదు. ఎవరికీ వినబడకుండా అందరినీ మోయడం బేస్ పని. ఇంతకన్నా మంచి పరిచర్య నాకు తెలియదు.

ఒక వేసవిలో డ్రైవరన్న బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషను చేశారు. నెలల తరబడి మంచం మీదే. ఆయన బేస్ ప్రార్థన మందిరంలో, వేదిక పక్క గోడకు కొక్కేనికి వేలాడుతూ ఉండిపోయింది. నేనూ భాయ్ చూడబోయినప్పుడల్లా ఒకటే అడిగేవాడు.

“తడిగుడ్డతో తుడుస్తాండారా ఎవరన్నా? వద్దని చెప్పు. పొడిగుడ్డతో తుడవాల. వార్షిక కూటాలకు వస్తా. ఆ ఒక్కటీ వాయిస్తే చాలు నాకు.”

ఫిజియోథెరపీ చేసే పిల్ల కాలు ఎత్తమంటే ఆ బేస్ పేరు చెప్పుకుని ఎత్తేవాడని కూతురు చెప్పింది. నడిచి వచ్చి, ఆ గిటారు భుజాన వేసుకోవాలి. మనిషిని లేపి నిలబెడుతున్నది ఆ ఆశే.

కూటాలు దగ్గరపడ్డాయి. మా కార్యదర్శి ఆ గిటారు తీసుకుని నా షాపుకు వచ్చాడు. ఆయనకు బోరు బండ్లున్నాయి. యాడికి ఊరు మొదలు మడకశిర దాకా ఆయన బండి తొలవని చేను లేదు. నీళ్ళు పడిన చేలు తక్కువ. అది ఆయన తప్పు కాదు, నేల గుణం. మందిరానికి పైకప్పు వేయించినవాడు ఆయనే కాబట్టి ఆయన మాటకు సంఘంలో ఎదురులేదు.

“వందనాలు మేస్త్రీ. రెండు తీగలు వెయ్యల్ల దీనికి. ఇన్నాళ్ళూ ఆ ముసలాయన రెండు తీగలు ల్యాకుండానే నెట్టుకొచ్చినాడు పాపం. కూటాలకు బయటోళ్ళు వస్తారు, బాగుండదు.”

నేను మొదట నవ్వాను. అదే ఆయనకు గుచ్చుకున్నట్టుంది.

“అన్నా, ఇది బేస్. దీనికి నాలుగే.”

“మా అల్లుని గిటారుకు ఆరుండాయి.”

“అది వేరే గిటారన్నా. ఇది మంద్రం పలికేది. తీగ లావు చూడు, మెడ పొడుగు చూడు.”

“అన్నీ గిటార్లే గదప్పా. నీకు వెయ్యడం రాకపోతే రాదని చెప్పు. బైబిలు వాక్యంలో పది తంతుల వాద్యమని ఉండాది. నాలుగు చాలంటావు నువ్వు.”

“పది తంతులది కావాలంటే వేరే చేయించుకో అన్నా. దీన్ని ముట్టుకోవద్దు. ఇది డ్రైవరన్న ప్రాణం. నాలుగు తీగలూ సరిగ్గా ఉన్నాయి, రెండు పోలేదు.”

“దేవుని ఇంట్లో తగిలిచ్చినప్పుడే దేవునిదైపాయ,” అని గిటారు తీసుకుని వెళ్ళిపోయాడు.

వెనకాలే పరిగెత్తి లాక్కోవాల్సింది. మందిరానికి తీసుకుపోయి తిరిగి కొక్కేనికి తగిలిస్తాడనుకున్నాను.

ఆయన దాన్ని తన బోరు బండ్ల షెడ్డుకు తీసుకుపోయాడు. ఇనుప చట్రాలు తొలిచే డ్రిల్లింగ్ మిషనుతో మెకానిక్ గిటారు తలకు రెండు బెజ్జాలు పెట్టాడు. తీగలు బిగించే బిరడల మధ్య ఉన్న ఖాళీ చూసి, అదే మిగిలిపోయిన చోటనుకున్నారు. రెండు బిరడలు కొని బిగించారు. అల్లుడి గిటారు సన్న తీగలు రెండు కట్టి తిప్పారు. శృతి దగ్గరికి రాకముందే ఒకటి తెగింది, రెండోది మెకానిక్ చెంప కోసింది. అప్పటికి గాని అనుమానం రాలేదు. కార్యదర్శి గిటారును మళ్ళీ నా దగ్గరికే తెచ్చాడు. ఆ పూట భాయ్ షాపులోనే ఉన్నాడు.

బల్ల మీద పెట్టగానే చూశాను. రెండు బెజ్జాలు, అంచులు చిట్లిపోయి. ఒక బెజ్జం నుంచి కిందికి వెంట్రుక సందు చీలిక. భాయ్ గిటారు ఎత్తి, ఒక బెజ్జంలోంచి కార్యదర్శి వైపు చూశాడు.

“నీళ్ళు పడినాయా అన్నా?”

“ఎగతాళి వద్దు భాయ్. మంచికి చెయ్యబోయినా.”

“మంచికే. ఇంకో రెండడుగులు దించింటే పడేవేమో.”

కార్యదర్శి నా వైపు తిరిగాడు. “మేస్త్రీ, ఆ బెజ్జాలు పూడ్చి రంగు కొట్టు. ముసలాయన వచ్చేలోపల. ఆయనకు తెలవాల్సిన పని ల్యా.”

అప్పటిదాకా నాకున్నది బాధే. ఆ మాటతో కోపం వచ్చింది. చెక్క మీద పడిన దెబ్బకు నేను ఎన్నోసార్లు మందు వేశాను. తెలియక చేసినవాడి మీద కోపం నిలవదు. కానీ తెలియక చేసి, తెలిశాక దాచిపెట్టమని, దానికి నా చేతిపనిని అడగడం ఏమిటి? మచ్చ ఉన్న పశువును బలిపీఠం దగ్గరికి తేవద్దని చిన్నప్పుడు సండే స్కూలులో నేర్చుకున్నవాళ్ళం. మచ్చకు రంగు కొట్టి తెమ్మని ఎక్కడ రాసి ఉంది?

“పూడుస్తానన్నా. ఆయనకు చెప్పిన తరువాత.”

కార్యదర్శి అయ్యగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. మా పాస్టరు మంచివాడు, మెత్తనివాడు. ఆ మెత్తదనమే మాకు కీడు.

“బ్రదర్, పెద్దాయన ఆరోగ్యం బాగాలేదు. ఇప్పుడెందుకు చెప్పడం? ప్రేమతో కప్పేద్దాం. వాక్యం కూడా అదే చెబుతుంది కదా.”

“అయ్యగారూ, ప్రేమతో కప్పమన్నది ఎదుటివాడి తప్పును. మన తప్పును మనమే కప్పుకుంటే దాన్ని ప్రేమ అనరు. ఆదాము ఆకులతో చేసింది అదే.”

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. నేను సన్న తీగలూ కొత్త బిరడలూ తీసేసి, నాలుగు తీగలు మళ్ళీ కట్టి, చీలిక పెరగకుండా జిగురు పెట్టి బిగించాలి. బెజ్జాలు అలాగే ఉంటాయి. కూటం మొదలుకాకముందే కార్యదర్శి తన నోటితో డ్రైవరన్నకు చెప్పాలి. “నేనే చెప్తా. నాకు చెప్పుకునేకి సిగ్గేం ల్యా,” అన్నాడాయన. నమ్మాను. సంఘ కార్యదర్శి మాట, పైగా అయ్యగారి ఎదుట.

కూటాల రోజు మందిరం నిండిపోయి, బయట షామియానా కూడా నిండింది. కంబదూరు వైపు నుంచి ట్రాక్టర్లలో వచ్చారు. డ్రైవరన్న చేతికర్రతో నడిచివచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పాత రైల్వే బెల్టు. ఆయన్ని చూసి జనం స్తోత్రం అన్నారు. వేదిక మీద ఆయన కుర్చీ పక్కన గిటారు నిలబెట్టి ఉంది. దాని తలకు మెరుపుకాగితాల దండ చుట్టి ఉంది, బిరడలు తప్ప ఇంకేమీ కనబడకుండా, వత్తుగా.

“పండగ గదన్నా, అందుకని కట్టినాం,” అని కార్యదర్శి స్వయంగా గిటారును ఆయన భుజానికి వేస్తున్నాడు. డ్రైవరన్న ముఖం వెలిగిపోతోంది. చెప్పలేదని నాకు అప్పుడే తెలిసింది. అయ్యగారి వైపు చూశాను. ఆయన వాక్యభాగం వెతుక్కుంటున్నారు.

మొదటి పాటలు అయిపోయాయి. ఆ బేస్ మోగినంతసేపు నేనూ అంతా మరచిపోయాననే చెప్పాలి. తరువాత, దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం. మొదట లేచింది కార్యదర్శే.

“దేవునికి స్తోత్రం. మన పెద్దాయన లేచి వచ్చినాడు. ఆయన ల్యాని రోజుల్లో పాడుబడి ఉన్న ఆయన వాద్యాన్ని దేవుడు నా చేత బాగు చేయించినాడు. నా పేరు కోసం చెప్పడంల్యా, దేవుని మహిమ కోసమే చెప్తాండా.”

జనం ఆమెన్ అన్నారు. డ్రైవరన్న కూడా అన్నాడు. చేతులు జోడించి కార్యదర్శికి దండం పెట్టాడు.

నేను లేచాను. మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి ఎవరైనా లేవవచ్చు, అడ్డు లేదు. ఒకవేళ సాక్ష్యం దారి తప్పితే, అప్పుల గొడవో అత్తాకోడళ్ళ గొడవో బయటపడితే, అయ్యగారు ఒక పాట ఎత్తుకుంటారు. అందరూ అందుకుంటారు. చెప్పేవాడు కూర్చోవాల్సిందే. అది మా పద్ధతి.

“ఆ వాద్యం పాడుబడలేదు,” అన్నాను. “దానికి రెండు తీగలు తక్కువని...”

అయ్యగారు పాట ఎత్తుకున్నారు. కార్యదర్శి అల్లుడు గిటారు అందుకున్నాడు, కంజీరలు లేచాయి, వందల గొంతులు నా మీదుగా పోయాయి. నేను కూర్చోలేదు. నోరు కదుపుతూ నిలబడ్డాను, నా మాట నాకే వినబడలేదు.

డ్రైవరన్న వాయించడం మొదలుపెట్టాడు, అలవాటు కొద్దీ. తరువాత నన్ను చూశాడు. నేను నిలబడే ఉండటం చూశాడు. అరచెయ్యి తీగల మీద పరిచి ఆపేశాడు.

పాట ఆగలేదు. కానీ కాళ్ళ కింద ఏదో లాగేసినట్టయింది. చప్పట్లు ముందు వరసలో ఒకచోట, వెనక వరసలో ఒకచోట పడ్డాయి. ఆడవాళ్ళ వైపు పరుగెత్తింది, మగవాళ్ళ వైపు వెనకబడింది. అల్లుడు ఎవరిని అందుకోవాలో తెలియక అటూ ఇటూ చూశాడు. పల్లవి రెండోసారి వచ్చేసరికి అయ్యగారి గొంతు ఒక్కటే మిగిలింది. అదీ ఆగిపోయింది.

“ఆయప్పను చెప్పనీండి,” అన్నాడు డ్రైవరన్న.

“అన్నా, ఆ దండ తీసి చూడు,” అన్నాను.

ఆయన దండ విప్పాడు. చూశాడు. చూపుడువేలు ఒక బెజ్జంలో దూర్చాడు, రెండోదాంట్లో దూర్చాడు. కార్యదర్శి వైపు తిరిగి అడిగాడు.

“ఎందుకప్పా?”

“రెండు తీగలు ల్యాకపాయ గదన్నా. మంచికే చేసినా.”

వెనక ఎవరో నవ్వారు. డ్రైవరన్న నవ్వలేదు, తిట్టలేదు. ఆ తలను ఒళ్ళో పెట్టుకున్నాడు. పసిబిడ్డకు జ్వరం చూసినట్టు అరచెయ్యి దాని మీద ఆనించాడు. తరువాత, “పాట ఎత్తుకోండి అయ్యగారూ,” అన్నాడు. కూటం ముగిసేదాకా ఒక్క పాట వదలకుండా వాయించాడు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు.

తరువాత నాకు దక్కిన మాటలు విననివాళ్ళు లేరు. పండగపూట సంఘాన్ని చీల్చానట. సాతాను నా నోట పలికాడట. కొన్నాళ్ళు సాక్ష్యానికి లేవవద్దని కబురు పంపారు. అబద్ధ సాక్ష్యం చెప్పినవాడికి ఆ ఆజ్ఞ లేదు. ఆయన తరువాతి వారమే లేచాడు, ఆమెన్లు కూడా తక్కువ పడలేదు.

డ్రైవరన్న గిటారు తీసుకుని భాయ్‌తో కలిసి షాపుకు వచ్చాడు.

“పూడ్చప్పా.”

“వద్దన్నా. ఉండనీ. చూసినవాళ్ళకు తెలుస్తుంది ఏం జరిగిందో.”

“తెలిసి?”

భాయ్ అందుకున్నాడు. “మేస్త్రీ చెప్పేది నిజమే అన్నా. పూడ్చితే ఆయప్పకు బుద్ధి రాదు.”

“ఆయప్పకు బుద్ధి చెప్పేకి నా గిటారే దొరికిందా భాయ్ మీకు?” అన్నాడు డ్రైవరన్న. “ఆ దేశంలో ఆ గార్డాయన బతికుండాడో ల్యాదో. ఉంటే ఎప్పుడన్నా చూస్తే గుర్తుపట్టల్ల గదా. పూడ్చు. బాగా పూడ్చు.”

పూడ్చాను. నా పనికాలంలో అంత ఓపికతో ఏ పనీ చేయలేదు. అదే జాతి చెక్క కోసం వెతికి, నార నారకు కలిపి, మెల్లగా అరగదీసి, కొత్త రంగుకు పాతదాని వయసు తెచ్చాను. కోపంతో చేశాననే చెప్పాలి. పిల్లలారా, కోపం చేతిని వణికిస్తుందంటారు. నాకు ఆ పూటలన్నీ చెయ్యి రాయిలా నిలిచింది.

మళ్ళీ ఆదివారం గిటారు వేదిక మీదికి వచ్చింది. ఆరాధన అయ్యాక కార్యదర్శి దగ్గరికి వచ్చి, దాన్ని ఎత్తి, కిటికీ వెలుగులో తల అటూ ఇటూ తిప్పి చూశాడు. చుట్టూ నలుగురు చేరారు.

“యాడప్పా? యాడ బెజ్జం పడిందో చూపించు. ఏమీ ల్యా. దీనికా మేస్త్రీ అంత రచ్చ చేసినావు?”

అవును, ఏమీ లేదే అన్నారు నలుగురూ. ఒకామె నన్ను చూసి తల ఊపింది, ఈ మనిషికి ఏమైందో అన్నట్టు. నేను గిటారు లాక్కుని చూపించబోయాను. వెలుగులో ఇటు తిప్పాను, అటు తిప్పాను. నా కళ్ళకే కనబడలేదు.

డ్రైవరన్న నవ్వకుండా చెయ్యి చాచి దాన్ని తీసుకున్నాడు. చేతికర్రను కుర్చీకి ఆనించి కూర్చున్నాడు. చూపు మా అందరి మీదా ఉంది, గిటారు మీద లేదు. బొటనవేలు మాత్రం తల మీదికి పోయి, మొదటి బెజ్జం ఉన్న చోట సరిగ్గా ఆగింది.